ఆగవలసిన చోట ఆగు కిరణము

నెల్లూరు జిల్లా పడమటి సీమలో కలిగిరి పొగాకు వేలము కేంద్రము కలదు. రైతుల కార్యక్రమమునకై వారి మాటలు రికార్డు చేయుటకు ఒకమారు నేనచ్చటికి పోయియుంటిని. పని ముగిసి యంత్రము సర్దుకొనుచుండగా, ఉదయగిరి వైపునుండి వచ్చిన ఒక వృద్ధ రైతు నా చెంతకు వచ్చి మెల్లగా అడిగెను: "అయ్యా, రేడియోలో పనిచేసే చదువుకున్నోళ్లు మీరు. ఒక మాట అడగతా. మా తమ్ముడికి ఊపిరితిత్తుల్లో క్యాన్సరని నెల్లూరులో చెప్పినారు. జపాను దేశంలో కోత లేకుండా, బొగ్గు కణాలతో ఒక్క రోజులో మాన్పుతారంట. నిజమేనా? రెండెకరాలు అమ్మితే సరిపోతాదా?"

ఈ మాటలలో రెండు ప్రశ్నలు ఇమిడియున్నవి. ఆ చికిత్స నిజమా అన్నది మొదటిది. తన తమ్మునికి అది పనికివచ్చునా, దానికై భూమి అమ్ముకొనవలయునా అన్నది రెండవది. మొదటి ప్రశ్నకు సమాధానము చరిత్రలో దొరకును. రెండవదానికి ఆ చరిత్ర తెలిసిన తరువాతగాని బదులు చెప్పజాలము. ఆనాడు నిలుచున్నపాటున నాకు తోచినది చెప్పితిని గాని అది చాలినది కాదు. నేడు శ్రోతలందరి సమక్షమున ఆ సమాధానమును పూర్తి చేయుచున్నాను.

1895 నవంబరు 8వ తేదీన జర్మనీలోని వుర్ట్స్‌బర్గు నగరమున రాంట్‌జన్ పండితుడు ఎక్సు కిరణములను కనుగొనెను. మూడేండ్లకు, 1898లో, క్యూరీ దంపతులు రేడియమును కనుగొనిరి. దేహములోనికి చొచ్చి, కంతిలోని జీవకణములను చంపగల శక్తి వీనికి కలదని వైద్యులు త్వరలోనే గ్రహించిరి. అంతవరకు రాచపుండునకు కత్తియే ముఖ్యమైన మందు. కత్తి చేరలేని చోటికి కిరణము చేరుననుట ఆనాటి రోగులకు గొప్ప ఆశ.

మన సీమకు ఆ ఆశ మదరాసు మీదుగా వచ్చినది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము ఏర్పడువరకు నెల్లూరు జిల్లా మదరాసు పాలనలోనే యుండెను గదా! మదరాసు జనరల్ ఆసుపత్రిలో కాప్టెన్ బార్నార్డు పేరిట 1934లో కిరణ వైద్య సంస్థ వెలసినది. సొంత సోదరిని ఈ వ్యాధికే కోల్పోయిన డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డి దీక్ష పూని, 1954లో అడయారున క్యాన్సరు ఆసుపత్రిని తెరిపించిరి. మరుసటి ఏడు, 1955లో, హైదరాబాదున ఒక క్యాన్సరు ఆసుపత్రి ఏర్పడినది. దానినే తరువాత మెహదీ నవాజ్ జంగు పేరిట పిలుచుచున్నారు. ఆత్మకూరు, ఉదయగిరి ప్రాంతముల వారికి మాత్రము దగ్గరి దారి మదరాసు దారియే. నెల్లూరు చేరి రైలెక్కుట, సత్రములోనో బంధువుల యింటనో దిగి వారముల తరబడి కిరణములు పెట్టించుకొనుట, ఆ దినములలో ఎన్నో కుటుంబములకు అనుభవమైన సంగతి.

అయితే ఈ కిరణమునకు పుట్టుకతోనే యొక లోపమున్నది. ఎక్సు కిరణము దేహములో ప్రవేశించిన కొద్ది లోతులోనే తన శక్తిని హెచ్చుగా విడుచును. అచ్చటినుండి క్రమముగా తగ్గుచు, కంతిని తాకి, దానిని దాటి, ఆవలి ప్రక్కకు పోవును. చర్మము మీది పుండునకు దీనివలన చిక్కు లేదు. ఊపిరితిత్తి నడుమ నున్న కంతి మాట వేరు. దాని ముందు ఆరోగ్యమైన ఊపిరితిత్తి, వెనుక వెన్నెముక, ప్రక్కన గుండె, అన్నవాహిక ఉండును. కంతిని చంపుటకు చాలినంత మోతాదు ఇచ్చినచో ఇవి దెబ్బతినును. వీనిని కాపాడుటకు మోతాదు తగ్గించినచో కంతి మిగిలిపోవును. ఎన్నో దశాబ్దులు వైద్యులు ఈ రెండింటి నడుమ నలిగిరి.

ఉదయగిరి వాసులకు ఈ చిక్కు తేలికగా బోధపడును. శ్రీకృష్ణదేవరాయలు గజపతుల ఏలుబడిలోని ఉదయగిరి దుర్గమును ముట్టడించి, సుమారు ఒకటిన్నర సంవత్సరము శ్రమించి, 1514లో దానిని వశపరచుకొనెను. నూనిజు అను పోర్చుగీసు వర్తకుడు ఆ ముట్టడిని గూర్చి వ్రాసియుంచినాడు. మనుష్యులు ఒకరి వెనుక ఒకరుగా మాత్రమే పోగల ఇరుకుదారి తప్ప ఆ దుర్గమునకు వేరు మార్గము లేదట. రాయలు విశాలమైన బాటలు వేయించి కోట దరిచేరెనట. ఇప్పుడొక సేనను ఊహింపుడు. దారిపొడవునను పల్లెలపై తన బలమును వెచ్చించుచు పోయినచో, కోట చేరునాటికి దానికి మిగులునది అల్పము. పైగా పల్లెలు పాడగును. దారిలో బలమును దాచుకొని, కోట గోడ నొద్ద మాత్రమే విజృంభించి, అచ్చటనే ఆగిపోవు సేన కావలెను. ఎక్సు కిరణము మొదటి రకపు సేన. రెండవ రకపు సేన ప్రకృతిలో ఉన్నదా?

ఉన్నదని 1904లో తెలిసినది. ఆస్ట్రేలియాలోని అడిలైడు నగరమున ఆచార్యుడుగా నుండిన విలియం బ్రాగు, రేడియమునుండి వెలువడు ఆల్ఫా కణములను పరిశోధించుచుండెను. గాలిలో పోవునపుడు ఆ కణము మొదట కొద్ది కొద్దిగా శక్తిని విడుచును. ప్రయాణము ముగియు చోటునకు వచ్చుసరికి ఒక్కుమ్మడిగా విడిచి నిలిచిపోవును. కారణము సులభము. విద్యుదావేశము గల కణము వేగముగా పోవునపుడు దారిలోని ఏ పరమాణువు నొద్దను ఎక్కువ సేపు నిలువదు. వేగము తగ్గినకొలది ఒక్కొక్క పరమాణువుతో దాని సంపర్కము పెరుగును, శక్తి వ్యయమును పెరుగును. ఆ చివరి విజృంభణకే శాస్త్రజ్ఞులు బ్రాగు శిఖరమని పేరిడిరి. అయితే రేడియమునుండి వచ్చు ఆల్ఫా కణము పలుచని కాగితమును కూడ దాటలేదు. దేహములోనికి దానిని పంపుటెట్లు? ఆ ప్రశ్నకు బదులు దొరకుటకు నలుబది ఏండ్లకు పైగా పట్టినది.

1930 ప్రాంతమున అమెరికాలోని బర్కిలీలో ఎర్నెస్టు లారెన్సు సైక్లోట్రాను అను యంత్రమును రూపొందించెను. అయస్కాంతముల నడుమ కణములను వలయముగా త్రిప్పుచు, ప్రతి చుట్టుకును వేగము హెచ్చించు సాధన మది. యుద్ధము ముగిసిన తరువాత, 1946లో, రాబర్టు విల్సన్ అను భౌతిక శాస్త్రజ్ఞుడు ఒక వ్యాసము ప్రకటించెను. ఆయన అణుబాంబు నిర్మాణములో పాలుగొనినవాడు. ఇట్టి యంత్రముల సాయమున ప్రోటానులకు తగినంత వేగమిచ్చినచో అవి దేహములో కోరిన లోతువరకు పోయి, అచ్చట తమ శక్తిని విడిచి ఆగునని, ప్రోటానులకంటె బరువైన కణములును పనికివచ్చునని ఆయన సూచించెను. నగరములను దహించుటకు తోడ్పడిన విద్యనుండియే, ప్రక్కనున్న కణమును కూడ గాయపరచకుండ వైద్యము చేయవలెనను తలంపు పుట్టుట ఈ చరిత్రలో మరువరాని ఘట్టము.

1954లో బర్కిలీలోనే తొలిసారిగా మానవునకు ప్రోటాను చికిత్స జరిగినది. 1957లో హీలియము కణములను వాడిరి. 1970ల నాటికి నియాను మొదలగు బరువైన కణములతో ప్రయత్నములు సాగినవి. అయితే ఆ యంత్రములు భౌతిక శాస్త్ర పరిశోధనకై కట్టినవి. రోగులకు మిగిలిన వేళలే దక్కెడివి. 1990ల ఆరంభమున అచ్చటి పెద్ద యంత్రమును మూసివేయుటతో ఆ కృషియు నిలిచిపోయినది.

దానిని అందుకొన్నది జపాను. అణుబాంబు దెబ్బతిన్న ఆ దేశమున, 1957లో టోకియోకు చేరువనున్న చిబా నగరమున కిరణ విజ్ఞాన జాతీయ సంస్థను స్థాపించిరి. ఆ సంస్థవారు వైద్యమునకే ప్రత్యేకించి ఒక భార అయాను యంత్రమును నిర్మించి, 1994 జూనులో మొదటి రోగికి చికిత్స చేసిరి. వైద్యమునకై కట్టిన ఇట్టి యంత్రము ప్రపంచములో అదియే మొదటిది. మన రైతు చెప్పిన "బొగ్గు కణాలు" ఇవే. బొగ్గులోని ముఖ్య మూలకము కర్బనము. దాని పరమాణువులోని ఎలక్ట్రానులను తొలగించగా మిగిలిన కేంద్రకమునకు ఆవేశము కలుగును. ఆవేశము గల కణమును అయాను అందురు. ఇది ప్రోటానుకంటె పండ్రెండు రెట్లు బరువైనది. కనుకనే భార అయాను. కాంతి వేగమున సుమారు 70 శాతము వరకు దీనికి వేగమిచ్చి, దేహములోని కంతి లోతును కొలిచి, ఆ లోతున ఆగునట్లు పంపుదురు.

బరువువలన రెండు లాభములున్నవి. బరువైన కణము దారిలో ప్రక్కకు చెదరుట తక్కువ, గురి చక్కగా నిలుచును. రెండవది మరింత ముఖ్యము. జీవకణమున వంశసూత్రము రెండు పేటల త్రాడువలె నుండును. ఎక్సు కిరణము తరచు ఒక్క పేటను తెంపును. రెండవ పేట ఆధారముతో జీవకణము దానిని తిరిగి అతుకుకొనును. కర్బన కణము రెండు పేటలను దగ్గర దగ్గరగా తెంపివేయును. అట్టి గాయమును జీవకణము మాన్చుకొనుట కష్టము. ప్రాణవాయువు చాలని కంతులు ఎక్సు కిరణమునకు లొంగక మొండికేయుట కద్దు. కర్బన కణమునకు అట్టివియు చాలవరకు లొంగును.

ఊపిరితిత్తి విషయమున ఇంకొక చిక్కు వచ్చినది. ఊపిరితిత్తి నిలకడగా నుండదు. శ్వాస పీల్చినపుడు కంతి క్రిందికి జరుగును, విడిచినపుడు పైకి వచ్చును. గురి ఎంత నిశితమో, జరుగు లక్ష్యమును తప్పుటయు అంత సులభము. చిబా వైద్యులు రోగి రొమ్ము కదలికను యంత్రముతో కనిపెట్టి, ఊపిరి విడిచి క్షణకాలము నిలకడగా నుండు వేళలో మాత్రమే కణములు వెలువడునట్లు ఏర్పాటు చేసిరి. రోగి ఊపిరి లయను అనుసరించి యంత్రము ఆగుచు, సాగుచు నుండును.

ఆ మీద విడతల సంఖ్యను జాగ్రత్తగా తగ్గించుచు వచ్చిరి. తొలుత ఆరు వారములలో పదునెనిమిది విడతలు. పిమ్మట మూడు వారములలో తొమ్మిది. తరువాత ఒక్క వారములో నాలుగు. 2003లో, చిన్న కంతులకు ఒక్క దినములో ఒకే విడతగా ఇచ్చు ప్రయోగములు ప్రారంభించిరి. తొలి దశలోని కంతులు పెక్కింటిలో, చికిత్స చేసిన చోట వ్యాధి ఏండ్ల తరబడి తిరిగి తలయెత్తలేదని వారు వెల్లడించిరి. 2024లో జపాను ప్రభుత్వము తొలి దశ ఊపిరితిత్తుల క్యాన్సరునకు ఈ చికిత్సను ఆరోగ్య బీమాలో చేర్చినది. జర్మనీలోని హైడెల్‌బర్గున 2009లోను, చైనాలోని షాంఘైన 2014లోను ఇట్టి కేంద్రములు రోగులకు అందుబాటులోనికి వచ్చినవి. ఇటలీ, ఆస్ట్రియా, కొరియాలలోను కలవు. కాబట్టి మన రైతు వినిన వార్త వట్టి పుకారు కాదు. కోత లేకుండ, ఒక్క దినమున, బొగ్గు కణములతో చికిత్స చేయుట నిజమే.

అయితే నిజమును సగము చెప్పుట అబద్ధముకంటె చెరుపు చేయును. మిగిలిన సగమును వినుడు. ఈ విజయములన్నియు ప్రధానముగా తొలి దశ రోగులవి. అనగా కంతి చిన్నదిగా, ఒకేచోట నుండవలెను. ఆగవలసిన చోట ఆగుటయే ఈ కిరణపు గొప్పదనము. ఆగవలసిన చోటు ఒక్కటిగాక దేహమంతట నున్నప్పుడు ఆ గొప్పదనము నిరుపయోగము. దుర్గమొక్కటియైనచో ముట్టడింపవచ్చును గాని, శత్రువు ఊరూర చేరిన పిమ్మట కోట ముట్టడితో పని లేదు. ఇంతియే కాదు. తొలి దశ రోగులకు శస్త్రచికిత్స నేటికిని ముఖ్య మార్గము. దానికి ఓర్వలేనివారికి, ఎక్సు కిరణములనే పలు దిక్కులనుండి సన్నగా కేంద్రీకరించి కొద్ది విడతలలో ఇచ్చు పద్ధతి ఇప్పుడు మన దేశపు పెద్ద నగరములలోను కలదు. అదియు చక్కని ఫలితములిచ్చుచున్నది. తొలి దశ ఊపిరితిత్తుల క్యాన్సరులో దానికంటె కర్బన చికిత్స మేలని సరితూచి నిరూపించిన పరీక్ష ఇంతవరకు రాలేదు.

మన దేశమున 2019లో చెన్నైలో ప్రోటాను చికిత్సా కేంద్రము తెరిచిరి. దక్షిణాసియాలో అదియే మొదటిది. తరువాత ముంబాయి చేరువనున్న ఖార్‌ఘర్‌లో టాటా స్మారక కేంద్రము మరియొకటి నెలకొల్పినది. కర్బన చికిత్స మాత్రము మన దేశమున ఇంకను ఆరంభము కాలేదు. ఆ యంత్రమునకు పెద్ద భవనము, అపారమైన ధనము, భౌతిక శాస్త్రజ్ఞుల బృందము కావలెను.

ఇక మన సీమ మాటకు వత్తము. రాయలు ఉదయగిరిని పట్టుకొన్ననాటికి ఈ నేలపై పొగాకు మొక్కయే లేదు. అది అమెరికా ఖండపు మొక్క. పోర్చుగీసువారి వెంట మన దేశము చేరినది. సిగరెట్టులకు పనికివచ్చు వర్జీనియా రకము 1920లలో గుంటూరు ప్రాంతమున పాదుకొని, పిమ్మట దక్షిణమున తేలిక నేలలకు వ్యాపించినది. 1976లో గుంటూరు కేంద్రముగా పొగాకు బోర్డు ఏర్పడినది. 1985లో ఆంధ్రప్రదేశమున వేలములు మొదలైనవి. ఉదయగిరి వైపు కలిగిరిలోను, ఆత్మకూరు వైపు మర్రిపాడు మండలములోని డి.సి. పల్లిలోను వేలము కేంద్రములున్నవి. వానను నమ్ముకొన్న ఈ మెట్ట సీమలో బ్యారనులో కాల్చిన ఆకు అమ్మి పిల్లలను చదివించిన తండ్రులెందరో కలరు. ఆ రైతును నిందించుటకు నాకు నోరు రాదు.

కాని ఆకునకు ఇంకొక చరిత్ర కూడ కలదు. అమెరికాలోని సెయింట్ లూయీ నగరమున ఎవార్ట్సు గ్రాహం అను శస్త్రవైద్యుడు 1933లో, క్యాన్సరు సోకిన ఒక ఊపిరితిత్తిని పూర్తిగా తొలగించి రోగిని బ్రతికించెను. అట్టి శస్త్రచికిత్స సఫలమగుట అదే మొదలు. 1950లో ఆయనయు, విండరు అను యువ వైద్యుడును కలిసి, సిగరెట్టు పొగకును ఊపిరితిత్తుల క్యాన్సరునకును గల సంబంధమును వెల్లడించిరి. అదే ఏట ఇంగ్లండులో డాల్, హిల్ అనువారును ఆ సంగతినే చాటిరి. ఏండ్ల తరబడి పొగత్రాగిన గ్రాహం పిమ్మట ఆ అలవాటు మానెను. కాని ఆలస్యమైనది. 1957లో ఊపిరితిత్తుల క్యాన్సరుతోనే ఆయన మరణించెను. ఆయన 1933లో కాపాడిన రోగి ఆయన తరువాత కూడ కొన్నేండ్లు జీవించెను.

ఆకు అమ్ముకొని బ్రతుకుట వేరు, ఆకు ముట్టించి పీల్చుట వేరు. మొదటిది మన చేతిలో పూర్తిగా లేదు. ధర, పంట, అప్పు, బోర్డు అన్నియు కలిసి దానిని నడుపును. రెండవది మన చేతిలోనిదే. చుట్టయైనను, బీడీయైనను, సిగరెట్టైనను మానినవారికి, ఏ వయస్సున మానినను, అపాయము తగ్గుచు వచ్చును.

పొగత్రాగనివారికి కూడ ఈ వ్యాధి వచ్చుట కలదు. కనుక లక్షణములను ఎల్లరును ఎరుగవలెను. మూడు వారములు దాటిన దగ్గు, కఫములో నెత్తురు జీర, కారణము లేని బరువు తగ్గుదల, ఆయాసము, రొమ్ము నొప్పి, ఇవి కనిపించినచో ఆలస్యము కూడదు. మన దేశమున ఇంకొక ప్రమాదమున్నది. క్షయకును దీనికిని లక్షణములు దగ్గరగా నుండును. అందుచే క్షయ అని తలచి నెలల తరబడి ఆ మందులే వాడి, విలువైన కాలమును పోగొట్టుకొనువారు పెక్కుమంది. క్షయ మందులు వాడినను గుణము కనబడనిచో, కఫములో క్షయ క్రిమి దొరకనిచో, ఛాతీకి స్కాను తీయించి, అవసరమైనచో ముక్క పరీక్ష చేయించుడని వైద్యుని అడుగుటకు సంకోచింపరాదు. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై, నేడు ఎన్.టి.ఆర్. వైద్యసేవ పేరిట సాగుచున్న ప్రభుత్వ పథకము క్రింద, అర్హులైన కుటుంబములకు శస్త్రచికిత్స, కిరణ చికిత్స, మందులు లభించును. భూమి అమ్మకముందు ఆ తలుపు తట్టవలెను.

ఆ దినము ఆ వృద్ధుడు చొక్కా జేబులోనుండి తమ్ముని కాగితములు తీసి నాకు చూపెను. వ్యాధి కాలేయమునకును, ఎముకలకును ప్రాకినదని అందు వ్రాసియున్నది. దగ్గు మొదలై ఎన్నాళ్లయినదని అడిగితిని. "పోయిన బ్యారను కాలం నుంచే ఉండాది. చుట్ట దగ్గే గదా అనుకున్నాం" అనెను. జపాను ప్రయాణము మాట మరచిపొమ్మని, భూమి అమ్మవద్దని, నెల్లూరు వైద్యులు చెప్పిన మందులు వాడించి, నొప్పి తెలియకుండ చూచుకొనుటయే ఇప్పుడు తమ్మునికి చేయగల మేలని చెప్పితిని. ఆయన కొంతసేపు మాటాడలేదు. పిమ్మట కాగితములు మడచి జేబులో పెట్టుకొని, "నాకూ రెండు నెలలుగా దగ్గుండాదయ్యా" అనెను.

మరుసటి దినముననే నెల్లూరు పోయి ఛాతీ పరీక్ష చేయించుకొనుమని ఆయనచేత మాట తీసికొంటిని. ఈ ప్రసంగము వినుచున్నవారి యిండ్లలోను అట్టి దగ్గు ఎవరికైన నున్నచో, ఆ మాటయే వారికిని చెప్పుచున్నాను.